జావాస్క్రిప్ట్‌లో రెండు కొలతల అర్రేలు: మండలాల వానలెక్క ఆధారంగా

రెండు కొలతల అర్రే అంటే అడ్డు వరుసలూ నిలువు వరుసలూ కలిసి గళ్లుగా ఏర్పడిన పట్టిక. అందులో ఏ గడి కావాలన్నా రెండు అంకెలు చెప్పాలి: ఎన్నో అడ్డు వరుస, అందులో ఎన్నో గడి. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ నుంచి ఎన్నో భాషలు ఇలాంటి పట్టికను భాషలో భాగంగానే ఇస్తూ వచ్చాయి. వెబ్ పేజీలను నడిపించే జావాస్క్రిప్ట్ ఇవ్వలేదు. అందులో ఉన్నది ఒకే దిక్కున సాగే అర్రే. దాని ఒక్కొక్క గడిలో మరో అర్రేను కూర్చోబెట్టి, ఆ మొత్తాన్ని పట్టికగా మనమే అనుకుంటాం. అడ్డు వరుస కంప్యూటర్ మెమరీలో నిజంగా ఉంటుంది. నిలువు వరుస ప్రోగ్రాం రాసేవాడి మనసులో ఉంటుంది. పట్టికలతో పనిచేసేవారికి ఎదురయ్యే చిక్కులు పైకి వేర్వేరుగా కనిపించినా చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయని, దీన్ని మొదటే ఒప్పుకుని ప్రోగ్రాం రాస్తే వాటిలో ఎక్కువ భాగం అసలు ఎదురే కావని ఈ వ్యాసం వాదన.

ఉదాహరణకు కర్నూలు జిల్లా వానలెక్కను తీసుకుందాం. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయం మండలం, దాని చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, నందవరం, పెద్దకడబూరు, ఎమ్మిగనూరు మండలాలు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 670 మిల్లీమీటర్లు. అది ఎంత కురిసిందన్న దానికంటే ఎప్పుడు కురిసిందన్నదే ముంగారి పంటను నిలబెడుతుంది, లేదా ఎండగడుతుంది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాక కరువు ప్రకటనకు ఆంధ్రప్రదేశ్‌లో మండలమే ప్రమాణమైంది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాన వివరాలను మండలాల వారీగా వెబ్‌లో పెడుతోంది. మండలాలు ఒక దిక్కున, వారాలు మరో దిక్కున ఉండే పట్టిక అక్కడి రైతుకు సాయం అందేదీ లేనిదీ తేల్చే సాధనం. అందుకే దాన్ని నిర్వహించే ప్రోగ్రాంలో ఒక గడి తప్పితే ఏమవుతుందో దగ్గరగా చూడడం అవసరం. మూడు మండలాలు, నాలుగు వారాలతో ఒక నమూనా ఇది. అంకెలు వివరణ కోసం వేసినవి, రికార్డులోవి కావు.

వాన = [
  [12, 0, 4, 31],
  [7, 0, 0, 22],
  [0, 3, 0, 18]
]

మొదటి వరుస మంత్రాలయం, రెండోది కోసిగి, మూడోది కౌతాళం. పేర్లలో యూనికోడ్ అక్షరాలను జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది కాబట్టి 'వాన' అనే తెలుగు పేరు అక్షరాలా చెల్లుతుంది. లెక్క 0 నుంచి మొదలవుతుంది గనుక మంత్రాలయంలో నాలుగో వారపు వాన వాన[0][3], అంటే 31. రెండు జతల బ్రాకెట్లు పక్కపక్కన ఉండడం చూసి ఇది ఒకే చిరునామా అనుకుంటారు. నిజానికి ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరిగే రెండు పనులు. వాన[0] మొదట ఒక అర్రేను తెచ్చి చేతిలో పెడుతుంది. ఆ వచ్చిన అర్రేలోంచి [3] ఒక అంకెను తీస్తుంది. ఇతర భాషల అలవాటుతో వాన[0, 3] అని రాస్తే భాష తప్పు పట్టదు. కామాకు ఎడమ పక్కన ఉన్నదాన్ని వదిలేసి, కుడి పక్కన ఉన్నదాన్ని మాత్రమే తీసుకుని వాన[3] అని అర్థం చేసుకుంటుంది. మన పట్టికలో అలాంటి వరుసే లేదు. వాన[0, 2] అని రాస్తే మాత్రం మంత్రాలయం మూడో వారపు 4 రావలసిన చోట కౌతాళం వరుస మొత్తం వస్తుంది.

హద్దు దాటినప్పుడు ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. లేని మండలాన్ని అడుగుతూ వాన[9][0] అని రాస్తే ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి తప్పు చూపుతుంది. లేని వారాన్ని అడుగుతూ వాన[0][9] అని రాస్తే ఏ గొడవా లేకుండా 'అన్‌డిఫైన్డ్' అనే విలువ చేతికొస్తుంది. నిజమైన పట్టిక అయితే రెండు దిక్కులా ఒకే న్యాయం ఉండాలి. లోపలి అర్రేకు తానొక పట్టికలో భాగమని తెలియదు, పక్క వరుస ఎంత పొడుగుందో అసలు తెలియదు. అందుకే వాన[1][9] = 5 అని రాస్తే కోసిగి వరుస ఒక్కటే పది గళ్లకు సాగుతుంది; మిగతా రెండూ నాలుగు గళ్ల దగ్గరే ఉండిపోతాయి. అన్ని వరుసలూ సమానంగా ఉండాలన్న నియమం భాషలో ఎక్కడా లేదు. కావాలనుకుంటే దాన్ని మన ప్రోగ్రామే కాపాడుకోవాలి.

ఈ భాష ఇలా ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు దాని పుట్టుకలో ఉంది. బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీ కోసం పది రోజుల్లో దీని తొలి రూపాన్ని సిద్ధం చేశాడు. 1997లో అది ఎక్మా ప్రమాణమైంది. పేజీలో ఫారాలను సరిచూడడం, బొమ్మలు మార్చడం వంటి చిన్న పనులకు పుట్టిన భాష కనుక అందులో మాత్రికల లెక్కలకు ఎవరూ చోటు వెతకలేదు. అయితే లోపం ఈ ఒక్క భాషదే అనలేం, వెబ్ మొత్తం అడ్డు వరుసనే నమ్ముకుని నిలబడింది. హెచ్‌టీఎంఎల్ పట్టికలో వరుసకు ఒక ట్యాగ్ ఉంటుంది, గళ్లు దాని లోపల ఉంటాయి. నిలువు వరుసకు రంగూ వెడల్పూ ఇవ్వడానికి ట్యాగ్ ఉందిగానీ గళ్లను తనలో ఉంచుకునే ట్యాగ్ లేదు. సర్వర్‌కూ బ్రౌజర్‌కూ మధ్య సమాచారం మోసే జేసన్‌లోనూ అర్రే లోపల అర్రేనే. గూగుల్ షీట్‌లోని గళ్లను స్క్రిప్ట్ ద్వారా చదివినా వరుసల అర్రేగానే చేతికొస్తాయి. ఈ పద్ధతికి ఎదురీదడం కంటే, ఏది వరుసగా ఉండాలో ముందే ఆలోచించుకోవడం మేలు.

పట్టికను తయారు చేసేటప్పుడే మొదటి దెబ్బ తగులుతుంది. ఆరు మండలాలకు, నాలుగు వారాలకు సున్నాలు నింపిన పట్టిక కావాలి. నాలుగు సున్నాల అర్రే ఒకటి చేసి, 'ఫిల్' అనే పద్ధతితో దాన్ని ఆరు గళ్లలో నింపడం చాలామందికి ముందుగా తోచే దారి. తెర మీద వచ్చిన పట్టిక చూడడానికి సరిగానే ఉంటుంది. మంత్రాలయం మొదటి వారంలో 12 అని రాసి చూస్తే కోసిగిలో 12, కౌతాళంలో 12, ఎమ్మిగనూరులోనూ 12. ఒక ఊళ్లో కురిసిన వాన ఆరు మండలాల లెక్కలోకి ఎక్కింది. ఫిల్ ఆరు గళ్లలోనూ పెట్టింది ఆరు అర్రేలను కాదు, ఒకే అర్రే చిరునామాను. సరైన దారి 2015 నాటి ప్రమాణంలో చేరిన 'అర్రే.ఫ్రమ్'. దానికి ఎన్ని వరుసలు కావాలో చెప్పి, వరుసను తయారుచేసే ఒక చిన్న ఫంక్షన్ ఇవ్వాలి. ప్రతి మండలానికీ ఆ ఫంక్షన్ విడిగా నడిచి, విడిగా ఒక కొత్త అర్రేను పుట్టిస్తుంది.

నకలు తీసేటప్పుడు జరిగేదీ ఇదే. 'స్లైస్' వాడినా, మూడు చుక్కల స్ప్రెడ్ గుర్తు వాడినా పై అర్రే మాత్రమే కొత్తది వస్తుంది. లోపలి వరుసలు పాతవే. సరిదిద్దిన లెక్కను పాత లెక్కతో పోల్చి చూపించాలని నకలు తీసుకుని అందులో మార్పులు చేస్తే పాత లెక్క కూడా మారిపోతుంది, పోల్చడానికి ఏమీ మిగలదు. ప్రతి వరుసకూ విడిగా స్లైస్ చేయాలి, లేదా 2022 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో దొరుకుతున్న 'స్ట్రక్చర్డ్‌క్లోన్' వాడాలి. ఇదే పట్టికను వెబ్‌లో విరివిగా వాడే మరో భాష పీహెచ్‌పీలో రాస్తే ఈ చిక్కు ఎదురు కాదు. అక్కడ అర్రేను మరో పేరుకు అప్పగిస్తే లోపలి వరుసలతో సహా నకలు వచ్చినట్టే లెక్క. సున్నాల వరుసతో పట్టికను నింపినా ఏ వరుసకు ఆ వరుస విడిగానే ఉంటుంది. బ్రౌజర్‌లో జావాస్క్రిప్టూ సర్వర్‌లో పీహెచ్‌పీయూ రాసే వ్యక్తి ఒకడే అయినప్పుడు, ఒక చోటి అలవాటు ఇంకో చోట తప్పు దారి పట్టిస్తుంది. ఈ తేడా తెలిసినవాడు జావాస్క్రిప్ట్‌లో ప్రతి పట్టికనూ పంచుకున్న వస్తువుగానే చూస్తాడు.

అన్నిటికంటే నిలిచి ఆలోచించవలసింది లెక్క రాని గడి గురించి. వానమాపకం పాడైంది, లేదా ఆ వారం సమాచారం అందలేదు. వాన పడకపోవడం ఒక వాస్తవం. వాన పడిందో లేదో తెలియకపోవడం వేరు. పట్టికలో ఈ రెండిటికీ రెండు వేర్వేరు గుర్తులు ఉండి తీరాలి. జావాస్క్రిప్ట్‌లో ఖాళీని చూపే దారులు కనీసం నాలుగు ఉన్నాయి, ఒక్కొక్కటి లెక్కలో ఒక్కో రకంగా నడుస్తుంది. 'నల్' అనే విలువ పెడితే కూడికలో అది సున్నాగా మారుతుంది. 'అన్‌డిఫైన్డ్' కలిస్తే మొత్తం 'అంకె కాదు' అని చెప్పే 'నాన్' విలువ అయిపోతుంది. ఏమీ పెట్టకుండా గడిని ఉత్త రంధ్రంగా వదిలేస్తే 'మ్యాప్', 'ఫర్‌ఈచ్', 'రెడ్యూస్' వంటి పద్ధతులు దాన్ని దాటుకుని పోతాయి. అర్రే పొడవులో మాత్రం అది లెక్కకొస్తుంది గనుక సగటు తప్పుతుంది. గూగుల్ షీట్ నుంచి తెచ్చిన ఖాళీ గడి ఖాళీ అక్షరమాలగా, అంటే ఒక్క అక్షరమూ లేని స్ట్రింగ్‌గా, వస్తుంది. మంత్రాలయం వరుసలో రెండో వారం అలా ఖాళీగా ఉంటే 12, ఖాళీ, 4, 31 కూడిక 47 రాదు. ఖాళీ అక్షరమాల తగలగానే కూడిక గుర్తు అక్షరాలను అతికించడం మొదలుపెడుతుంది, చివరికి 12431 తేలుతుంది. అంత పెద్ద తప్పు ఎవరి కంటికైనా పడుతుంది కాబట్టి దానితో భయం లేదు. భయపెట్టేది నల్.

అదెలాగో కరువు లెక్కలోనే చూడవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మార్గదర్శకాల ప్రకారం వాన లోటుతో పాటు వానల మధ్య విరామం కూడా తొలి సూచిక. ఋతుపవనం రావలసిన తేదీ దాటాక వరుసగా మూడు నాలుగు వారాలు, ఒక్కో వారం సాధారణ వానలో సగం కూడా పడకపోతే అది విరామం. మన నమూనాలో సాధారణ వాన వారానికి 20 మిల్లీమీటర్లని అనుకుంటే గీటురాయి 10. కోసిగి వరుసలో 7, 0, 0 వరుసగా మూడూ పదికి తక్కువే కాబట్టి విరామం ఉన్నట్టు. ఇప్పుడు రెండో వారం లెక్క అందలేదనుకుందాం. అక్కడ నల్ ఉంటే, 'పదికి తక్కువా' అన్న ప్రశ్నకు జావాస్క్రిప్ట్ దాన్ని సున్నాగా చూసి అవునంటుంది. విరామం ఉన్నట్టు తేలుతుంది. అదే గడిలో అన్‌డిఫైన్డ్ లేదా నాన్ ఉంటే, అదే ప్రశ్నకు కాదని జవాబొస్తుంది. వరుస తెగిపోయి విరామం లేనట్టు తేలుతుంది. తెలియని సంగతి ఒక్కటే. ప్రోగ్రాం రాసినవాడు ఏ గుర్తు ఎంచుకున్నాడన్న దాన్ని బట్టి ఒక మండలం కరువు సూచికలోకి ఎక్కుతుంది, లేదా జారిపోతుంది. రెండు జవాబులూ తప్పే. సరైన జవాబు 'తేల్చలేం' అన్నది, దాన్ని భాష తనంతట తాను ఎప్పుడూ చెప్పదు. పోలికకు ముందు ప్రతి గడినీ 'నంబర్.ఈజ్‌ఫైనైట్' తో పరీక్షించి, అంకె కాని గడి ఉన్న వరుసను విడిగా పక్కన పెట్టడమే మార్గం. ఆ పరీక్ష నల్‌ను, నాన్‌ను, అన్‌డిఫైన్డ్‌ను, ఖాళీ అక్షరమాలను అన్నిటినీ పట్టుకుంటుంది. ఎవరైనా ౧౨ అని తెలుగు అంకెల్లో నింపితే, భాష వాటిని అంకెలుగా గుర్తించదు కాబట్టి ఆ గడి కూడా ఇక్కడే దొరుకుతుంది.

లోపల నాన్ వాడుకుని జాగ్రత్తగానే ఉన్నామని కొందరు అనవచ్చు. పట్టిక ఒకే పేజీలో పుట్టి అక్కడే ముగిస్తే ఆ మాట నిలుస్తుంది. కానీ పట్టిక సర్వర్‌కు వెళ్లేది జేసన్ రూపంలో. జేసన్‌లో నాన్‌కు చోటు లేదు, అన్‌డిఫైన్డ్‌కూ లేదు, రంధ్రానికీ లేదు. అర్రేలో ఈ మూడూ నల్‌గా మారి ప్రయాణం చేస్తాయి. అవతలి పక్క తెరిచి కూడినప్పుడు అవి సున్నాలు. ఒక పేజీలో వరుసను తెంచిన గడి ఇంకో పేజీలో వరుసను కలుపుతుంది. కాబట్టి తెలియని గడికి ఏదో ఒక్క గుర్తే పెట్టుకోవాలి, దాన్ని చదివే చోటల్లా పరీక్షించాలి. ఆ మూడింటిలో ఏది పెట్టుకున్నా జేసన్ దాన్ని నల్ చేస్తుంది గనుక మొదటి నుంచీ నల్‌నే పెట్టుకుని, పరీక్ష లేకుండా ఎక్కడా కూడకపోవడం మేలని నా అభిప్రాయం.

ఏది అడ్డు వరుస కావాలన్నది తర్వాతి ప్రశ్న. మండలం వరుసయితే ఒక మండలంలో వారాల మీదుగా నడవడం తేలిక. విరామం లెక్కకు కావలసింది అదే. వారం వరుసయితే ఆ వారంలో మండలాలన్నిటినీ పక్కపక్కన పోల్చడం తేలిక, పటంలో రంగులు నింపడానికి అది కావాలి. జావాస్క్రిప్ట్‌లో వరుసను చేతికి తీసుకోవడం ఒక్క బ్రాకెట్ పని. నిలువు వరుసను ప్రతి వరుసలోంచీ ఒక్కో గడి ఏరి కొత్తగా పోగు చేయాలి: మ్యాప్ తో ప్రతి వరుస నుంచీ ఇండెక్స్ 3 దగ్గరి గడిని తీస్తే 31, 22, 18 వస్తాయి, కూడితే 71. పీహెచ్‌పీలో దీనికి 2013 నుంచి సిద్ధంగా ఒక ఫంక్షన్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో మనమే రాసుకోవాలి. పైగా ఆ పోగు చేసిన నిలువు వరుస అప్పటికప్పుడు తీసిన నకలు. అందులో అంకె మారిస్తే అసలు పట్టిక మారదు. అడ్డు వరుసను తీసుకుని మారిస్తే మారుతుంది. పట్టికలో ఒక దిక్కుకు ఉన్న హక్కు ఇంకో దిక్కుకు లేదన్నమాట.

నిలువు గీతలు ఎక్కడ గీయాలన్నదీ తీర్పే తప్ప సహజంగా వచ్చేది కాదు. 2009 సంవత్సరం దీనికి గట్టి సాక్ష్యం. ఆ ఏడు నైరుతి ఋతుపవనం దేశం మొత్తం మీద సాధారణం కంటే సుమారు 22 శాతం తక్కువ. అదే ఏడు సెప్టెంబరు చివరా అక్టోబరు మొదటా కర్ణాటక ఉత్తర జిల్లాల్లోనూ కర్నూలు జిల్లాలోనూ కురిసిన కుండపోతకు తుంగభద్ర పొంగి, అక్టోబరు 2న మంత్రాలయం నీట మునిగింది. కర్నూలు నగరమూ మునిగింది. వాతావరణ లెక్కల్లో నైరుతి సెప్టెంబరు 30తో ముగుస్తుంది. వారాల ప్రామాణిక లెక్కలో 39వ వారం సెప్టెంబరు 24 నుంచి 30 దాకా, 40వ వారం అక్టోబరు 1 నుంచి 7 దాకా. వానను వారాల గళ్లలో పెట్టినా, ఋతువుల గళ్లలో పెట్టినా ఆ ఒక్క కుండపోత రెండు ముక్కలై రెండు గళ్లలోకి పోతుంది. ఏ గడిలోనూ అది తన పూర్తి రూపంలో కనిపించదు. రోజువారీ పట్టిక ఉంటే వారాలుగానో ఋతువులుగానో ఎప్పుడైనా మడవవచ్చు. వారాల పట్టికను మళ్లీ రోజులుగా విప్పలేం. అందువల్ల దాచేది రోజుల పట్టిక కావాలి, చూపేది దాని నుంచి అప్పటికప్పుడు కట్టిన పట్టిక కావాలి. రోజు కూడా అర్ధరాత్రికి మారదు. వాతావరణ శాఖ వానరోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. ఆ సంగతి మరిచి తేదీలను ఇండెక్స్‌గా మారిస్తే నిలువు వరుసలన్నీ ఒక రోజు జరిగిపోతాయి.

క్రమంలో పెట్టడం చాలామంది పట్టికలను చెడగొట్టే పని. [12, 0, 4, 31] ను ఏ సూచనా ఇవ్వకుండా 'సార్ట్' చేస్తే 0, 12, 31, 4 వస్తుంది. అంకెలను అక్షరాలుగా పోల్చడం దాని మామూలు పద్ధతి. పట్టిక మొత్తాన్నే అలా సార్ట్ చేస్తే ప్రతి వరుసనూ కామాలతో కలిపిన ఒక మాటగా మార్చి పోలుస్తుంది. పోల్చే ఫంక్షన్ మనమే ఇచ్చి మండలాలను మొత్తం వానను బట్టి క్రమంలో పెట్టినా ఇంకో గండం ఉంది. మండలాల పేర్లు వేరే అర్రేలో ఉంటే వరుసలు కదులుతాయి, పేర్లు ఉన్నచోటే ఉంటాయి. నమూనాలో మొత్తాలు 47, 29, 21. తక్కువ నుంచి ఎక్కువకు పెడితే కౌతాళం 21 మొదటికి వచ్చి, పేర్ల అర్రేలో మొదట ఉన్న మంత్రాలయం పక్కన నిలుస్తుంది. తెర మీద అంకెలూ పేర్లూ రెండూ నిజమైనవే కనిపిస్తాయి, జత మాత్రం అబద్ధం. సార్ట్ అసలు అర్రేనే మార్చేస్తుంది కాబట్టి ఆ పట్టికను వాడే మిగతా భాగాలకూ తప్పు పాకుతుంది. 2023 ప్రమాణంలో వచ్చిన 'టుసార్టెడ్' అసలును ముట్టుకోకుండా కొత్తది ఇస్తుంది. పేర్ల సమస్యకు మాత్రం పేరూ అంకెలూ ఒకే వరుసలో కట్టి ఉంచడం తప్ప మందు లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇన్ని తిప్పలెందుకు, పట్టికను ఒకే పొడవాటి అర్రేగా పరిచేసి, వరుస సంఖ్యను వెడల్పుతో గుణించి గడి సంఖ్య కలిపితే చిరునామా వస్తుంది కదా అని. ఈ వాదనలో బలం ఉంది. బ్రౌజరే బొమ్మల విషయంలో ఆ దారి పట్టింది. కాన్వాస్ మీది బొమ్మ ఒకే పొడవాటి అర్రేగా చేతికొస్తుంది, ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అని నాలుగు అంకెలు. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మలో 82,94,400 అంకెలు. అంత పెద్ద సరుకును వేల చిన్న అర్రేలుగా ముక్కలు చేయడం మెమరీకీ వేగానికీ నష్టం. ఉపగ్రహ చిత్రాల్లో పంటల పచ్చదనాన్ని లెక్కించే పేజీకి పరిచిన అర్రేనే సరి. జిల్లాలో మండలాలు కొన్ని పదులు, ఏడాదికి వారాలు 52. ఇక్కడ వేగం లాభం కంటికి కనబడదు, నష్టం మాత్రం కనబడుతుంది. పరిచిన అర్రేలో నిలువు హద్దు ఇంకా బలహీనం: నాలుగు వారాల పట్టికలో పొరపాటున ఐదో వారం అడిగితే ఖాళీ రాదు, తర్వాతి మండలపు మొదటి వారం వస్తుంది. అంకెలకే ప్రత్యేకించిన టైప్డ్ అర్రేలో నల్ పెడితే అది పెట్టిన క్షణమే సున్నా అవుతుంది. తెలియని గడి కూడికలో సున్నా కావడమే ప్రమాదమనుకుంటే, ఇక్కడ దాచుకునేటప్పుడే సున్నా అయిపోయి జాడ కూడా మిగలదు. ఉన్న పట్టికను పరవడానికి 2019లో వచ్చిన 'ఫ్లాట్' రంధ్రాలను వదిలేస్తుంది. పన్నెండు గళ్ల పట్టికలో ఒక రంధ్రం ఉంటే పదకొండు అంకెలే వచ్చి, అక్కడి నుంచి ప్రతి చిరునామా ఒక గడి వెనక్కి జరుగుతుంది.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది: అంకెల చిరునామాలే వద్దు, మండలం పేరూ వారం పేరూ తాళాలుగా ఉన్న ఆబ్జెక్టులు వాడండి అని. పేరుతో అడిగితే జవాబు పేరుకే వస్తుంది. వాన.కోసిగి అని రాసినవాడు కౌతాళం లెక్క పొందడు. దీనితో నేను సగం ఏకీభవిస్తాను. మండలాల మధ్య సహజమైన వరుసక్రమం లేదు. కోసిగి తర్వాత కౌతాళమే రావాలన్న న్యాయం ఎక్కడా లేదు, కాబట్టి ఆ దిక్కున పేరే సరైన చిరునామా. వారాలకు క్రమం ఉంది. మూడు వారాలు వరుసగా అన్న ప్రశ్నకు పక్కపక్కన ఉండడమే ప్రాణం, దానికి అర్రే కావాలి. అంటే ఒక్కో మండలానికి పేరుతో ఒక గది, ఆ గదిలో వారాల అర్రే. వరుసల అర్రే అనే భాష స్వభావానికి ఇది దగ్గరగానే ఉంది, ఎందుకంటే ఇందులో అడ్డు వరుస ముక్క కాకుండా మిగులుతుంది. రెండు దిక్కులా నిజమైన క్రమం ఉన్న చోట మాత్రమే రెండు అంకెల చిరునామా తన పూర్తి విలువ చూపుతుంది: చదరంగం బల్ల, బొమ్మలోని చుక్కలు, గళ్ల నుడికట్టు.

శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు కూర్చడం వల్ల తెలుగు పాఠకులకు పత్రికల్లో చిరపరిచితమైన నుడికట్టు వెబ్ పేజీలోకి వచ్చినప్పుడు ఈ అర్రేలకు సరైన పరీక్ష పెడుతుంది. ఒక గడి నుంచి అడ్డంగా మాట మొదలవ్వాలంటే ఎడమ పక్క గడి నలుపో, హద్దు అవతలో అయి ఉండాలి, కుడి పక్క గడి తెరిచి ఉండాలి. నిలువుకైతే పైనా కిందా ఇదే పరీక్ష. ఎడమ హద్దు దాటి [−1] అడిగితే అన్‌డిఫైన్డ్ వస్తుంది, దాన్ని నలుపుగా భావించి ముందుకు పోవచ్చు. పై హద్దు దాటితే వరుసే లేదు గనుక ప్రోగ్రాం ఆగిపోతుంది. 2020లో భాషలో చేరిన, ప్రశ్న గుర్తుతో రాసే మెత్తని ప్రవేశం వాడితేనే రెండు దిక్కులూ సమానంగా నడుస్తాయి. 'అట్' అనే కొత్త పద్ధతిని ఇక్కడ వాడకూడదు. దానికి −1 అంటే చివరి గడి, కాబట్టి ఎడమ హద్దు అవతల కుడి చివరి గడి ప్రత్యక్షమవుతుంది.

తెలుగులో ఇంకో మెలిక ఉంది. గడిలో ఉండవలసింది అక్షరం, భాష లెక్కపెట్టేది యూనికోడ్ సంకేతాలను. అడ్డంగా 'మంత్రాలయం', అదే మొదటి గడి నుంచి నిలువుగా ఆ ఊరి పాత పేరు 'మంచాల' వేద్దాం. రెండూ 'మం' దగ్గర కలుస్తాయి. పాఠకుడికి మొదటి మాట నాలుగు గళ్లు: మం, త్రా, ల, యం. జావాస్క్రిప్ట్‌ను పొడవు అడిగితే 9 అంటుంది, ఎందుకంటే సున్నా, పొల్లు, దీర్ఘం ఒక్కొక్కటీ దానికి విడి సంకేతాలే. స్ప్రెడ్ గుర్తుతో విడగొట్టినా తొమ్మిది ముక్కలే. 'మంచాల' కు అదే లెక్కలో 5. తొమ్మిది గళ్ల వరుసను నాలుగు గళ్ల పట్టికలో పెడితే, హద్దు కాపాడని భాష కాబట్టి ఆ ఒక్క వరుస పొడుగై మిగతావి పొట్టిగా మిగులుతాయి. రెండు మాటలు కలిసే గడిలో 'మం' కు బదులు 'మ' ఉంటుంది. అక్షరాలుగా విడగొట్టే సాధనం 'సెగ్మెంటర్' ఇప్పుడు భాషలో ఉంది. దాని వెనకున్న యూనికోడ్ మూల సూత్రం ఒత్తును ముందు అక్షరం నుంచి విడదీసేది. 2023 నాటి 15.1 కూర్పులో తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు హల్లునూ ఒత్తునూ కలిపి ఉంచే సూత్రం చేరింది. పాత సూత్రంతో 'త్', 'రా' వేర్వేరు గళ్లయి మాట ఐదు గళ్లవుతుంది, కొత్తదానితో నాలుగు. పాఠకుడి బ్రౌజర్ ఏ సూత్రం పాటిస్తుందో కూర్చినవాడికి తెలియదు. అందుకని నుడికట్టును మాటలుగా దాచి పేజీ తెరిచినప్పుడు విడగొట్టడం కంటే, కూర్చేటప్పుడే ['మం', 'త్రా', 'ల', 'యం'] అని గడికొక అక్షరంగా వరుసను దాచడం క్షేమం. పాఠకుడు నింపిన గడిని సరిచూసేటప్పుడు కూడా మాటను మాటతో కాకుండా గడిని గడితో పోల్చాలి.